పాత సీఎన్‌సీకి ప్రోబ్ బిగిస్తున్నారా? ముందు 24 వోల్టులు ఎక్కడి నుంచి తీయాలో తేల్చుకోండి

చౌటుప్పల్ పక్కన దండుమల్కాపూర్ పార్కులో గానీ, జడ్చర్ల, కొత్తూరు వైపు షెడ్లలో గానీ చూడండి, పదిహేను ఇరవై ఏళ్ల నాటి వీఎంసీలు (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లు) ఇప్పటికీ రెండు షిఫ్టులు నడుస్తుంటాయి. బెడ్డు బాగుంటుంది, స్పిండిల్ బాగుంటుంది. జాబ్ మారినప్పుడల్లా డయల్ పట్టుకుని వైసు చుట్టూ తిరగడమే విసుగు. అందుకే ఓనర్లు ప్రోబ్ పెట్టిద్దామంటారు, అంటే జాబ్‌ను తాకి అది ఎక్కడుందో మెషిన్ కంట్రోల్‌కు (కంప్యూటర్‌కు) చెప్పే పరికరం. మంచి ఆలోచనే. ఏ ప్రోబ్ సరిపోతుందో అమ్మేవాళ్లే చెప్తారు. గొడవంతా దానికి కరెంటు ఇచ్చే దగ్గర మొదలవుతుంది. ప్యానెల్ తెరిచి, దగ్గర్లో ఏ టెర్మినల్ మీద 24 వోల్టులు కనిపిస్తే అక్కడ రెండు వైర్లు తగిలించేస్తారు. ఆ రోజుకు పని చేస్తుంది. నెల తర్వాత ఉన్నట్టుండి అలారాలు మొదలవుతాయి, తప్పంతా ప్రోబ్ మీదికి పోతుంది.

ఈ పని మొత్తంలో మీరు వదలకూడని ప్రశ్న ఒక్కటే. నడుస్తుండగా ఇంటర్‌ఫేస్‌కు, అంటే ప్రోబ్ సిగ్నల్‌ను కంట్రోల్‌కు అందించే యూనిట్‌కు, కరెంటు పోతే మెషిన్ ఏం చేస్తుంది? ఉన్నచోటే ఆగుతుందా, స్టైలస్‌ను (ప్రోబ్ చివర జాబ్‌కు తగిలే సన్నటి పుల్లను) తీసుకెళ్లి జాబ్‌లో గుచ్చుతుందా? కింద చెప్పే ప్రతి పనీ ఈ ప్రశ్నకు సరైన జవాబు రావడానికే.

1. డబ్బు పెట్టేముందు కంట్రోల్‌ను పరీక్షించండి

ప్రోబ్ తగిలినప్పుడు మెషిన్ ఆగి, ఆ పొజిషన్‌ను గుర్తు పెట్టుకోవాలంటే కంట్రోల్‌లో స్కిప్ ఫంక్షన్ ఉండాలి. ఫ్యానక్ కంపెనీ కంట్రోళ్లలో అది జీ31. దానితో పాటు కస్టమ్ మాక్రో (ప్రోగ్రాములో లెక్కలు చేసుకునే సదుపాయం) కూడా కావాలి, లేకపోతే కొలత సైకిళ్లు నడవవు. పాత మెషిన్లలో ఈ రెండూ ఆప్షన్లు. ఎండీఐలో (కమాండ్‌ను చేత్తో కొట్టి నడిపే మోడ్‌లో) #500=1 అని కొట్టి చూడండి, తీసుకుంటే మాక్రో ఉన్నట్టే. తర్వాత టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు జీ91 జీ31 ఎక్స్10. ఎఫ్100 ఇవ్వండి (ఎఫ్ అంటే నిమిషానికి మిల్లీమీటర్లలో వేగం). 010 అలారం వస్తే జీ31 ఆప్షన్ లేదని అర్థం, ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

యాక్సిస్ కదిలిందంటే ఇంకో చిన్న పరీక్ష ఉంది. స్కిప్ ఇన్‌పుట్ పిన్ ఏదో డ్రాయింగ్‌లో వెతకండి. ఫ్యానక్ 0ఐ, 18, 21 సిరీస్‌లలో మామూలుగా ఎక్స్4.7, అంతకు ముందు 0 సిరీస్‌లో ఎక్స్8.7. అయినా మీ మెషిన్‌తో వచ్చిన డ్రాయింగ్ ఏం చెప్తే అదే ఫైనల్. ఆ పిన్‌కూ కంట్రోల్ సొంత 24 వోల్టుల టెర్మినల్‌కూ మధ్య ఒక పుష్ బటన్ పెట్టండి. జీ31లో యాక్సిస్ నెమ్మదిగా కదులుతుండగా బటన్ నొక్కండి. టక్కున ఆగి తర్వాతి బ్లాక్‌కు పోయిందంటే మీ కంట్రోల్ ప్రోబ్‌కు సిద్ధంగా ఉంది. ప్రోబ్ కొనకముందే, ఒక బటన్ ఖర్చుతో ఈ సంగతి తెలుస్తుంది.

2. ప్యానెల్ ఆపేముందు బ్యాకప్

ఇది చాలామంది దాటేసే మెట్టు. పాత కంట్రోళ్లలో పారామీటర్లు, ప్రోగ్రాములు బ్యాటరీ మీద బతుకుతుంటాయి. వైరింగ్ కోసం మెషిన్‌ను రెండు రోజులు ఆపారనుకోండి, ఆ బ్యాటరీ అప్పటికే నీరసంగా ఉంటే తిరిగి ఆన్ చేసేసరికి స్క్రీన్ మీద ఏమీ మిగలదు. ముందు ఆర్ఎస్-232 ద్వారానో, కార్డు స్లాట్ ఉంటే దాంతోనో పారామీటర్లు, లాడర్ (మెషిన్ స్విచ్చులు, రిలేల లాజిక్), ప్రోగ్రాములు బయటికి తీసుకోండి. బ్యాటరీ మార్చాల్సి వస్తే కంట్రోల్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. యాబ్సొల్యూట్ ఎన్‌కోడర్ల బ్యాటరీ వేరే ఉంటే దానికీ ఇదే రూలు.

ఆ తర్వాత మెయిన్ ఐసొలేటర్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. డ్రైవ్‌ల మీద చార్జ్ లైటు ఆరేదాకా ఆగండి. లైటు ఆరినా మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

3. ప్రోబ్‌కు ఒక కరెంటు, ఇంటర్‌ఫేస్‌కు ఇంకో కరెంటు

స్పిండిల్‌లో కూర్చునే ఆప్టికల్, రేడియో ప్రోబులు సొంత బ్యాటరీతో నడుస్తాయి. వాటి మాట వినే రిసీవర్, అంటే ఇంటర్‌ఫేస్, మెషిన్ లోపల బిగించి ఉంటుంది. దానికే ప్యానెల్ నుంచి డీసీ కావాలి. టేబుల్ మీద పెట్టే వైర్డ్ టూల్‌సెట్టర్‌కు (టూల్ పొడుగు కొలిచేదానికి) బ్యాటరీ ఉండదు, లోపల ఉన్నది ఒట్టి స్విచ్చే, దాన్ని కూడా ఇంటర్‌ఫేసే చూసుకుంటుంది.

ఇంటర్‌ఫేస్‌లు ఎక్కువగా 24 వోల్టుల డీసీకి తయారైనవే. 12 నుంచి 30 వోల్టుల దాకా ఓర్చుకునేవి ఉన్నాయి, అంత విశాలంగా లేనివీ ఉన్నాయి. మీ యూనిట్ మాన్యువల్‌లో రెండు అంకెలు వెతికి రాసుకోండి: కనీస వోల్టేజి, గరిష్ఠ కరెంటు. తినేది కొద్దిపాటి మిల్లీఆంపియర్లే. అందుకే "ఇంత చిన్న లోడుకు వేరే సప్లై ఎందుకండీ, సోలెనాయిడ్ (కాయిల్‌తో తెరుచుకునే వాల్వు) లైన్లోంచి లాగేద్దాం" అంటారు.

లాగొద్దు. ఒకే ఫీడర్ మీద పది బోరు మోటార్లున్న ఊళ్లో పక్క మోటారు స్టార్టయినప్పుడల్లా ఇంట్లో బల్బు ఎలా గుడ్డిదవుతుందో, సోలెనాయిడ్ పడ్డప్పుడు ఆ 24 వోల్టుల లైను కూడా అలాగే కుంగుతుంది. మీటర్‌లో మిన్-మ్యాక్స్ మోడ్ ఉంటే ఆ లైను మీద పెట్టి టూల్ ఛేంజ్ చేయించి చూడండి. మీటర్ పట్టేది పెద్ద కుంగుళ్లనే. మిల్లీసెకండ్లలో వచ్చి పోయేవి చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి. ఇంటర్‌ఫేస్‌కు మాత్రం ఆ మిల్లీసెకండ్లు చాలు, రీసెట్ అయిపోతుంది. కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైకు అదనం. డయోడ్ ఎప్పుడో కాలిపోయిన సోలెనాయిడ్లు పాత మెషిన్లలో మామూలే.

కంట్రోల్ ఐ/ఓ (స్విచ్చుల ఇన్‌పుట్, ఔట్‌పుట్ల) కోసం ఇచ్చే 24 వోల్టుల్లోంచి కూడా ఇంటర్‌ఫేస్‌ను నడపొద్దని నా సలహా. పాత ఫ్యానక్ 0 పవర్ యూనిట్‌లో +24ఈ అని ఉంటుంది. కూలెంట్ తడిసి ప్రోబ్ కేబుల్ షార్ట్ అయితే ఆ లైను ఫ్యూజు ఎగిరిపోతుంది. దాంతో లిమిట్ స్విచ్చులు, ఎమర్జెన్సీ, ప్రెషర్ స్విచ్చులు అన్నీ ఒకేసారి చచ్చినట్టు కనిపిస్తాయి. అసలు తప్పు ప్రోబ్ కేబుల్‌లో ఉందని కనిపెట్టేసరికి షిఫ్టు గడిచిపోతుంది.

4. కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టడం

ప్యానెల్‌లోని డిన్ రైలుకు (పరికరాలు బిగించే పట్టీకి) ఎక్కే 24 వోల్టుల ఎస్ఎంపీఎస్, అంటే ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై, ఒకటి తీసుకోండి. లోడు తక్కువే అయినా రెండు, రెండున్నర ఆంపియర్లది తీసుకుంటే నయం. కారణం ఎండ. మే నెలలో నల్గొండలో బయట 44, 45 డిగ్రీలున్న రోజు, ఏసీ యూనిట్ పని చేయని ప్యానెల్ లోపల 55 దాటడం వింతేమీ కాదు. చాలా ఎస్ఎంపీఎస్‌లు 50 డిగ్రీలు దాటాక పూర్తి లోడు మోయలేవు. చుట్టూ గాలాడేలా పైనా కిందా ఖాళీ వదలండి. ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన బిగించొద్దు. ప్యానెల్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది. చల్లదనం సంగతేమో గానీ గ్రానైట్ దుమ్మూ, ఇనుప రజనూ నేరుగా బోర్డుల మీదికే పోతాయి. ఫిల్టర్ మార్చి, ఏసీ గ్యాస్ నింపించుకోవడమే చౌక.

ఎస్ఎంపీఎస్‌కు ఏసీ ఎక్కడి నుంచి? గోడ మీద సింగిల్ ఫేజ్ ప్లగ్గు నుంచి మాత్రం వద్దు. మెషిన్ ఐసొలేటర్ ఆపినా ఆ వైర్లలో కరెంటు ఉంటుంది, రేపు ఇంకెవరో ప్యానెల్‌లో చెయ్యి పెడతారు. పైగా 415 వోల్టుల త్రీ ఫేజ్ మీద నడిచే చాలా మెషిన్లకు న్యూట్రల్ రానే రాదు, దాన్ని బయటినుంచి లాక్కొస్తే ఎర్త్ గొడవ కూడా వెంట వస్తుంది. లోపలి కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నుంచే తీసుకోండి. ఇండియన్ మెషిన్లలో అది ఎక్కువగా 110 వోల్టులు, జపాన్ మెషిన్లలో 100 లేదా 200. 85 నుంచి 264 వోల్టుల ఇన్‌పుట్ ఉన్న ఎస్ఎంపీఎస్ అయితే అన్నిటికీ సరిపోతుంది. 60 వాట్ల సప్లై పూర్తి లోడులో దాదాపు 70 వాట్లు లాగుతుంది. ప్రోబ్‌కు అందులో పదో వంతు కూడా పట్టదు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద వీఏ (అది మోయగల లోడు) చూసి, మీద ఇప్పటికే ఉన్న కాంటాక్టర్ల లెక్క వేసి, మిగులు ఉందని తేలాకే కలపండి.

ఏసీ వైపు దీనికంటూ ఒక ఎంసీబీ ఉండాలి. 200 వోల్టుల రెండు ఫేజుల మధ్య నుంచి తీస్తుంటే రెండు పోల్ ఎంసీబీ వాడండి. సింగిల్ పోల్‌తో ఒక్క ఫేజు తెగితే రెండోది బతికే ఉంటుంది. డీసీ వైపు ఇంటర్‌ఫేస్ ప్లస్ వైరుకు గాజు ఫ్యూజు వేయండి. మాన్యువల్‌లో ఫ్యూజు రేటింగ్ ఇస్తే అదే వేయండి, ఇవ్వకపోతే గరిష్ఠ కరెంటుకు కాస్త పైన. చాలా యూనిట్లకు 500 మిల్లీఆంపియర్లు సరిపోతాయి. ఫ్యూజు హోల్డర్ పక్కన "ప్రోబ్" అని రాసి అంటించండి.

కొందరు ఓనర్లు ప్రోబ్‌కు చిన్న యూపీఎస్ పెట్టమంటారు. అక్కర్లేదు. మెషిన్ చచ్చినప్పుడు ప్రోబ్ ఒక్కటే బతికి ఏం చేస్తుంది? మెషిన్‌తో పాటే ఆగి, మెషిన్‌తో పాటే లేవాలి. ఆ డబ్బుతో ఇన్‌కమింగ్ దగ్గర ఒక సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఈదురుగాలుల రోజుల్లో పిడుగు ఎక్కడ పడ్డా దెబ్బ లైను మీదే వస్తుంది.

5. సిగ్నల్ వైరు, సున్నా వోల్టు

పని తెలిసినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఇంటర్‌ఫేస్‌లో రెండు రకాల ఔట్‌పుట్లు ఉంటాయి. ఒకటి వోల్టేజి లేని కాంటాక్టు, లోపల సాలిడ్ స్టేట్ రిలే ఉంటుంది. ఇంకొకటి తానే వోల్టేజి పంపేది. మొదటి రకం దొరికితే అదే వాడండి. కంట్రోల్ సొంత 24 వోల్టులు ఆ కాంటాక్టు గుండా వెళ్లి తిరిగి స్కిప్ పిన్‌కు చేరతాయి. మీ కొత్త ఎస్ఎంపీఎస్‌కూ కంట్రోల్‌కూ మధ్య వైరు కలవదు, ఒకదాని చెత్త ఇంకోదాంట్లోకి పోదు. రెండో రకం వాడాల్సి వస్తే మాత్రం రెండు సప్లైల సున్నా వోల్టులూ తప్పనిసరిగా కలవాలి. కలవకపోతే ఇన్‌పుట్‌కు ఆధారం ఉండదు. మీటర్ పెడితే 24 చూపిస్తుంది, కంట్రోల్ డయాగ్నొస్టిక్ స్క్రీన్‌లో ఆ ఇన్‌పుట్ బిట్ మాత్రం మారదు. ఫ్యానక్ ఇన్‌పుట్ 18 వోల్టులు పైన ఉంటే ఒకటి అనుకుంటుంది, 6 కింద ఉంటే సున్నా. మధ్యలో ఊగితే దాని ఇష్టం.

మధ్యలో మామూలు రిలే పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. సాలిడ్ స్టేట్ ఔట్‌పుట్ కొన్ని పదుల మిల్లీఆంపియర్లకు మించి మోయదు, రిలే కాయిల్ దాన్ని కాల్చేయొచ్చు. అది తట్టుకున్నా ఆలస్యం ఉంది. రిలే పది మిల్లీసెకండ్లు తీసుకుందనుకుందాం. ఎఫ్1000 దగ్గర ఆ కాస్త టైములో యాక్సిస్ దాదాపు 0.17 మిల్లీమీటరు ముందుకు పోతుంది. ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే కాలిబ్రేషన్‌లో సర్దుకుంటుంది. పాత రిలేలో ఒకేలా ఉండదు, ఒక్క మిల్లీసెకండు తేడా వచ్చినా ఎఫ్30 దగ్గర అర మైక్రాన్, ఎఫ్300 దగ్గర ఐదు మైక్రాన్లు.

ఇక మొదట అడిగిన ప్రశ్న. ప్రోబ్ తీరిగ్గా కూర్చున్నప్పుడు కాంటాక్టు మూసి ఉండేలా, తగిలినప్పుడు తెరుచుకునేలా ఇంటర్‌ఫేస్ స్విచ్చులు సెట్ చేయండి. అప్పుడు ఫ్యూజు పోయినా, వైరు తెగినా, ఎస్ఎంపీఎస్ చచ్చినా కాంటాక్టు తెరుచుకుంటుంది. కంట్రోల్ లెక్కలో ప్రోబ్ తగిలినట్టే, జీ31 కదలిక అక్కడికక్కడే ఆగుతుంది. ఫ్యానక్ 0ఐలో దీనికి 6200 పారామీటర్ బిట్ 1ని ఒకటి చేయాలి, అంటే సిగ్నల్ సున్నా అయినప్పుడు స్కిప్ అని. ఉల్టాగా వైరింగ్ చేసినా రోజూ బాగానే కొలుస్తుంది. వైరు తెగిన రోజు స్టైలస్ పోతుంది, స్పిండిల్ బేరింగ్ మీద కూడా దెబ్బ పడొచ్చు.

టూల్‌సెట్టర్, ప్రోబ్ రెండూ ఒకే స్కిప్ పిన్‌కు రావాలంటే ఎం కోడ్‌తో (ప్రోగ్రాములో ఇచ్చే ఆన్-ఆఫ్ కమాండ్‌తో) ఎంచుకునే ఏర్పాటు కావాలి. దానికి లాడర్ మార్చాల్సి రావచ్చు, తెలిసినవాళ్లతోనే చేయించండి. స్పిండిల్‌కు వైరుతో తగిలే చౌక ప్రోబ్ వాడేవాళ్లు ఇంకో పని చేయాలి. ప్రోబ్ ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపు స్పిండిల్ తిరగకుండా ఇంటర్‌లాక్. అది లేకుండా ఆ ప్రోబ్‌ను మెషిన్ దగ్గరికే తేవద్దు.

6. కేబుల్, ఎర్త్

కేబుల్‌ను స్పిండిల్ మోటారు వైర్లతో ఒకే ట్రేలో పడుకోబెట్టొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటించండి. మిగిలిన పొడుగును చుట్ట చుట్టి ప్యానెల్ మూలలో పడేయకుండా కోసేయండి. షీల్డును ప్యానెల్ వైపు ఎర్త్ బార్‌కు కలపండి, మాన్యువల్ వేరేలా చెప్తే తప్ప రెండో చివర వదిలేయండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పదిహేను మీటర్లు పోయినా 200 మిల్లీఆంపియర్లకు నష్టం 0.15 వోల్టే, కాబట్టి లావు వైరు కోసం వెతకాల్సిన పని లేదు. గ్లాండ్ బిగుతు మాత్రం చూడండి, కూలెంట్ కేబుల్ వెంబడే దిగి ప్యానెల్‌లోకి వస్తుంది. చివర్లో కేబుల్‌కు కిందికి ఒక వంపు ఇస్తే చుక్క అక్కడే రాలిపోతుంది.

ఎస్ఎంపీఎస్ సున్నా వోల్టును ఎర్త్‌కు ఒకే ఒక్క చోట కలపండి. ఎర్త్ పిట్ సంగతికొస్తే మనది రాతినేల. ఎండాకాలం పిట్లు ఎండిపోతాయి, నీళ్లు పోసే బాధ్యత ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. షెడ్డు మెయిన్ బోర్డు దగ్గర న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎర్తింగ్ బాగు చేయించి, తర్వాతే ప్రోబ్ పని పట్టుకోండి.

7. ఆన్ చేసి, పనిగట్టుకుని చెడగొట్టి చూడండి

ముందు ఇంటర్‌ఫేస్ కనెక్టర్ తీసేసి ఎస్ఎంపీఎస్ ఒక్కటే ఆన్ చేయండి. 24 వోల్టులు వస్తున్నాయా, ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. తర్వాత కనెక్టర్ పెట్టి, ప్రోబ్‌ను ఆన్ చేసే ఎం కోడ్ ఇచ్చి, డయాగ్నొస్టిక్ స్క్రీన్‌లో స్కిప్ బిట్ తెరవండి. స్టైలస్‌ను వేలితో మెల్లగా పక్కకు నెట్టండి. ఒకటి సున్నా అవ్వాలి, వదిలేస్తే మళ్లీ ఒకటి. రెండు మూడు వైపుల నుంచి నెట్టి చూడండి.

ఇక చెడగొట్టడం. ప్రోబ్ గాల్లో, కింద ఏమీ లేకుండా ఎఫ్50 దగ్గర జీ31 నడుపుతూ ఒక్కొక్కటిగా చేయండి. డీసీ ఫ్యూజు లాగండి, ఆగాలి. మళ్లీ నడిపి ఆప్టికల్ ప్రోబ్ అయితే దానికీ రిసీవర్‌కూ మధ్య అట్టముక్క అడ్డం పెట్టండి, ఆగాలి. ప్రోబ్ బ్యాటరీ తీసేసి సైకిల్ మొదలుపెట్టండి. కదలకముందే ప్రోబ్ ఓపెన్ అనో, ఇంటర్‌ఫేస్ ఎర్రర్ అనో అలారం రావాలి. రెనిషా అనే ప్రోబ్ కంపెనీ మాక్రోలు వాడితే జాబ్ దగ్గరికి పోయే కదలికలన్నీ ఓ9810తోనే రాయండి. అది లోపల జీ31 వాడుతుంది, దారిలో ఏదైనా తగిలితే ఆగుతుంది. జీ00తో (ఫుల్ స్పీడు కదలికతో) దింపితే ఈ వైరింగ్ ఏదీ మిమ్మల్ని కాపాడలేదు.

చివరగా కరెంటు పోవడం. మెయిన్ ఆపి, జనరేటర్ మీదికి మార్చి, మళ్లీ లైను మీదికి తెచ్చి, ప్రతిసారీ స్కిప్ బిట్ చూడండి. మళ్లీ ఆన్ అయినప్పుడు ప్రోబ్ నిద్రలో ఉంటుంది, బిట్ తగిలినట్టే చూపిస్తుంది. అదే సరైనది. ఎం కోడ్ ఇచ్చాకే మామూలు స్థితికి రావాలి.

అన్నీ అయ్యాక ఒకే ముఖాన్ని పదిసార్లు తాకించి #5061, #5063 వేరియబుళ్లలో (ఎక్స్, జెడ్ దిశల్లో తాకిన పొజిషన్లు) అంకెలు రాసుకోండి. కూలెంట్ పంపు ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి, పక్క మెషిన్ స్పిండిల్ తిరుగుతుండగా ఇంకోసారి. మంచి ప్రోబ్ మైక్రాన్ స్థాయిలో రిపీట్ అవుతుంది, పాత బాల్ స్క్రూ దానికి ఇంకొన్ని మైక్రాన్లు కలుపుతుంది. మూడు సందర్భాల్లోనూ చెదురు ఒకేలా ఉంటే సమస్య మెకానికల్. పంపు ఆన్ చేయగానే అంకెలు చెదిరితే మళ్లీ ఆరో మెట్టుకు వెళ్లండి.

8. తర్వాత వచ్చే అలారాలు

నల్గొండ వైపు బోరు నీళ్ల కాఠిన్యం మీకు తెలిసిందే. ఆ నీళ్లతో కూలెంట్ కలిపితే రిసీవర్ కిటికీ మీద తెల్లటి పొర కడుతుంది, సిగ్నల్ అందదు. వీలైతే ఆర్ఓ నీళ్లతో కలపండి. ఎలాగైనా వారానికోసారి మెత్తటి గుడ్డతో కిటికీ తుడిపించండి. గీతలు పడతాయి కాబట్టి వేస్ట్ కాటన్ వాడనివ్వొద్దు.

ప్రోబ్ ఓపెన్ అలారం వస్తే ఆపరేటర్ ఈ వరసలో చూడాలి: కిటికీ, ప్రోబ్ బ్యాటరీ, ఇంటర్‌ఫేస్ లైట్లు, ఆ తర్వాత ఫ్యూజు. చాలాసార్లు మొదటి రెండింటి దగ్గరే పని అయిపోతుంది. చిన్న ప్రోబుల్లో పడే 3.6 వోల్టుల లిథియం హాఫ్ డబల్ ఏ సెల్లు మామూలు దుకాణాల్లో దొరకడం కష్టం. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు తెచ్చి పెట్టుకోండి. బ్యాటరీ మార్చేటప్పుడు చేతులు, ప్రోబ్ మూత రెండూ పొడిగా ఉండాలి, ఓ-రింగు తన గాడిలో కూర్చోవాలి. ఇంటర్‌ఫేస్ లైట్లే వెలగకపోతే ఫ్యూజు మార్చండి. మార్చిన వెంటనే మళ్లీ ఎగిరితే పెద్దది వేయకుండా కేబుల్ విప్పి, తడి ఎక్కడ దూరిందో వెతకండి.